వెనక టైరు

కళావతిని చంపింది ఖదీర్ అమ్మిన టైరు. దబీర్‌పురా చుట్టుపక్కల ఈ సంగతి తెలియని పాలవాడు లేడు. ఆమె భర్త వైకుంఠం మూడేళ్ళుగా చెబుతున్నాడు. ఒక్కరూ కాదనలేదు.

మంగళవారం పొద్దున పాలు పిండడం అయ్యాక అఖిల కొట్టం మూలనున్న బండి మీది టార్పాలిన్ లాగింది. దుమ్ము లేచింది. దగ్గరున్న దూడ తుమ్మింది.

"బాపూ, ఐతారం దీని మీదనే పోత," అంది.

వైకుంఠం చేతిలోని పాలచెంబును గోడవారగా పెట్టాడు. అది నిలవలేదు. వంగి మళ్ళీ పెట్టాడు.

కూతురికి పశువుల ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. అచ్చంపేట దాటాక ఎక్కడో ఊరు. సోమవారం చేరాలి. ఆ కాగితం వచ్చిన రోజు ఆయన సంతోషపడ్డాడు. ఎలా పోతుందని అడగలేదు. అడిగి ఉండవలసింది.

"అచ్చంపేటకు బస్సుంది గద," అన్నాడు.

"అచ్చంపేట దాక ఉంది. ఆడికెళ్ళి ఊర్లు తిరగాలె. పొద్దున ఒక తండా, మాపటికి ఒక తండా. బర్రె ఈనలేక పడుంటే బస్సొచ్చేదాక ఆగుతదా?"

బర్రె ఆగదు. ఆ సంగతి ఆమెకు నేర్పింది ఆయనే.

"స్కూటీ కొనుక్కో."

"ఆ రోడ్లల్ల చిన్న చక్రాలు నడువయి. ఇది దూరం తిరగనీకె చేసిన బండి. బరువుంటది, గాలికి కదలది. ఉన్న బండిని కొట్టంల పెట్టుకొని ఇంకోటి కొనుడెందుకు?"

ఆయన బండి వైపు చూశాడు. పదిహేనేళ్ళ కిందటి టూరింగ్ బండి. పాలు పోయించుకునే భాస్కరరావు అనే ఆఫీసరు బదిలీ అయి పోతూ అమ్మింది. వెడల్పు సీటు, వెనక కూచున్న మనిషి వీపు ఆనుకోవడానికి చిన్న దిండు. దిండు పట్టుకున్న ఇనుప కడ్డీ ఎడమవైపుకు వంగి ఉంది. దాన్ని ఎవరూ సరిచేయలేదు.

దసరాకే అఖిల మెకానిక్‌ను పిలిపించి కార్బరేటర్ కడిగించింది, బ్యాటరీ వేయించింది. ఆయుధపూజకు బండికి బొట్లు పెట్టింది. అలవాటు కొద్దీ వైకుంఠం నూనె గిన్నె పట్టుకొస్తే, "చీమలు పడతయి బాపూ," అని గిన్నె అందుకుని తీసుకుపోయి బర్రెల దగ్గర పెట్టింది. బండిని అంత భద్రంగా చూసుకున్నప్పుడే తనకు తెలియవలసింది, ఇది ఎక్కి పోతుందని.

"టైర్లు పోయినయి," అన్నాడు. అది ఒక్కటే మిగిలింది అడ్డం పెట్టడానికి.

"మారుద్దం."

గల్లీ మలుపులో మొగులయ్య పంక్చర్ దుకాణం. మొగులయ్యా వైకుంఠం ఒకే ఈడువాళ్ళు. బండిని స్టాండు వేసి మొగులయ్య గొంతుక్కూచున్నాడు. వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. ఆపి, బొటనవేలితో రబ్బరు నొక్కాడు. టైరు గాడుల మధ్య సన్నటి పగుళ్ళు తెరుచుకుని మూసుకున్నాయి.

"ఇది నేను పెట్టిన పాతదే. ఎండి బీటలు వారింది. ముందుది గూడ గదే. రెండూ తీయాలె."

"ఏది వెయ్యాలె?"

"వెనకది నూటపది, తొంబై, పద్దెనిమిది. గీ సైజు ఇప్పుడు ఎవడడుగుతడు? కొత్త బండ్లకు అన్ని వెడల్పువి, ట్యూబ్ లేనివి. పుత్లీబౌలిల దొరికితే దొరకాలె. లేదంటే..."

"లేదంటే?"

మొగులయ్య పక్కనున్న ట్యూబు తీసుకుని నీళ్ళ టబ్బులో ముంచాడు. "ఖదీర్ తెప్పిస్తడు. పాత బండ్ల మాల్ ఆయన ఒక్కడే పెడతడు."

"నా పెండ్లాన్ని చంపినోని కాడికి నా బిడ్డను తోలుకపోవాల్నా?"

మొగులయ్య ట్యూబును నీళ్ళలో కొంచెం కొంచెం తిప్పుతూ బుడగల కోసం చూశాడు. బుడగలు రాలేదు. అయినా చూస్తూనే ఉన్నాడు.

బుధవారం వైకుంఠం పాలు పోసి వచ్చి, చొక్కా మార్చుకుని పుత్లీబౌలి టైర్ల బజారుకు పోయాడు. చొక్కా జేబులో సైజు రాసిన చీటీ. అది నోటికి వచ్చినా మాటిమాటికీ తీసి చూసుకున్నాడు.

మొదటి దుకాణంలో కుర్రవాడు గొలుసు లాగి పై అరలోంచి టైరు దింపాడు. వైకుంఠం నేల మీద కూచుని టైరు తిప్పుతూ పక్క గోడ మీది అంకెలు వెతికాడు. గుడ్డు ఆకారం గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. కళావతి పోయాక నేర్చుకున్న చదువు ఇది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చదివాడు.

"రెండేండ్లు దాటింది."

"గోదాంల చల్లగ ఉంటది తాతా, ఏం కాదు. టైరు కొంటున్నవా, పిల్లనిస్తున్నవా? జాతకం చూసినట్టు చూస్తున్నవు."

"పిల్లే ఎక్కుతది," అన్నాడు వైకుంఠం.

కుర్రవాడు నవ్వడం మానేసి టైరును మళ్ళీ పైకి లాగాడు.

రెండో చోట టైరు నిగనిగలాడుతోంది. వైకుంఠం భుజం మీది తువ్వాలు తీసి గట్టిగా రుద్దాడు. తువ్వాలుకు నల్లగా అంటింది. కింద బూడిదరంగు రబ్బరు కనపడింది. మెరిసే టైరును నమ్మకూడదు. ఇదీ నేర్చుకున్నాడు. తువ్వాలు నల్ల మరకతోనే మడిచి భుజాన వేసుకుని బయటికి వచ్చాడు.

మూడో దుకాణం సేటు కుర్చీ వేసి కూచోబెట్టాడు. నీళ్ళిచ్చాడు. "ఆ సైజు బంద్ అయింది పెద్దాయనా. దాని పక్క సైజు వేసుకో. జర వెడల్పు ఉంటది. చెయిన్‌కు జరంత తగుల్తది, చిన్న వాషర్ ఎక్కిస్తె ఐపోతది. ఏం కాదు."

"మలుపుల జారుతదా?"

"టైరు జారది. నడిపేటోడు జారిపిస్తడు."

వైకుంఠం గ్లాసు కింద పెట్టాడు. వీధిలో ఎవరో ఇనుప షట్టరు దించారు. సర్రున జారింది. ఆయన కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఆ చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. బండి పక్కకు పడి రోడ్డు మీద ఈడ్చుకుపోయే చప్పుడు. పాలక్యాను బండల మీద జరిపినా, పక్కింట్లో మంచం లాగినా ఆయన వేళ్ళు ఏదో ఒకటి పట్టుకుంటాయి. ఆ రోజు పట్టుకోలేకపోయిన దాన్ని.

శ్రీశైలం రోడ్డు మీద కడ్తాల్ దాటాక, అచ్చంపేటకు పోయే దారిలోనే, ఎడమకు తిరిగే మలుపు అది. పొడి రోడ్డు, ఎండ. ఎదురుగా బండి లేదు, పక్కన మనిషి లేడు. ఇంటి నుంచి అంతదాకా దారంతా బండి పట్టాల మీద నడిచినట్టు నడిచింది. బండి వంగింది, వెనక చక్రం కింద నేల లేనట్టయింది. అయిదు నెలల టైరు. కళావతి వెనక కూచుని శ్రీశైలం మొక్కు బియ్యం ఒళ్ళో పట్టుకుని ఉంది. మలుపుకు ముందు, "జర మెల్లగ," అంది. "ఏం కాదు," అన్నాడు ఆయన.

"పెద్దాయనా," అన్నాడు సేటు. "పైకం తక్కువుంటే చెప్పు, చూద్దాం."

"పైకం కాదు," అని లేచాడు.

సాయంత్రానికి పద్నాలుగు దుకాణాలు తిరిగాడు. ఇంటికి వచ్చేసరికి అఖిల గడ్డి కోస్తోంది.

"దొరికినయా?"

"లేవు. పండుగ అయినంక చూద్దం. వచ్చే నెల పో."

"ఆర్డర్ల సోమారం అని ఉంది." కత్తి ఆపలేదు. "టైర్లు దొరకకపోతే ఉన్నయాటి మీదనే పోత బాపూ. మెల్లగ పోత."

మెల్లగ. ఆయన బొటనవేలికి మొగులయ్య నొక్కినప్పటి పగుళ్ళు తగిలినట్టయింది.

గురువారం దీపావళి. దుకాణాలు లక్ష్మీపూజలో ఉన్నాయి, ఎవరూ సరుకు దించరు. గల్లీలో పిల్లలు పొద్దుటి నుంచే టపాకాయలు కాలుస్తున్నారు. బర్రెలు బెదిరి తాళ్ళు గుంజుకుంటుంటే వైకుంఠం వాటి మధ్య నిలబడి ఒక్కొక్కదాని మెడ మీద చేయి వేశాడు. "ఓ... ఓ..." అన్నాడు. బర్రెలు నెమ్మదించాయి. ఆయన మాత్రం చేయి తీయలేదు.

మధ్యాహ్నం అఖిల అన్నం పెట్టింది. ఆయన తిన్నాడు, చేయి కడిగాడు, తువ్వాలుతో తుడుచుకున్నాడు. తువ్వాలు మీద నిన్నటి నల్ల మరక ఉంది.

"రేపు దబీర్‌పురా పోదాం," అన్నాడు. ఖదీర్ పేరు నోట రాలేదు.

అఖిల కంచం తీస్తూ ఆగింది. "సరే బాపూ," అంది.

శుక్రవారం ఆయన ఆమెను బండి ఎక్కనివ్వలేదు. ఇంటి నుంచి దబీర్‌పురా బ్రిడ్జి దాకా ఆయన హ్యాండిల్ పట్టుకుని, ఆమె వెనక నుంచి నెట్టి, ఎండలో నడిపించుకుపోయారు. మొగులయ్య దుకాణం ముందు నుంచి పోతుంటే మొగులయ్య లేచి నిలబడ్డాడు.

ఖదీర్ నమాజుకు పోయాడు. తాళం వేసి ఉంది. మునుపు రెండు షట్టర్లు ఉండేవి. ఇప్పుడు రెండోదాని మీద సెల్‌ఫోన్ కవర్ల బోర్డు ఉంది. మునుపు పొద్దున పూట ఇక్కడ పాలవాళ్ళ బండ్లు క్యాన్లతో సహా వరుసగా నిలబడేవి. ఇప్పుడు రోడ్డు మీదికి జరిపిన ఒక గాలి మిషన్ ఉంది, దాని నీడలో కుక్క ఉంది.

వైకుంఠం గడపకు ఇవతలే నిలబడ్డాడు. ఆ గడప మీదే విసిరాడు, మూడేళ్ళ కిందట కళావతి కర్మ అయిపోయిన మర్నాడు, ఊడబీకిన టైరును. నలుగురిలో అరిచాడు. ఖదీర్ అరవలేదు. వంగి టైరు ఎత్తాడు. అంచు వెంట వేలు పెట్టి తడిమాడు. ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరవాత టైరును లోపలికి తీసుకుపోయాడు. తప్పు చేసినవాడు మాట్లాడడు, అనుకున్నాడు వైకుంఠం.

ఖదీర్ వచ్చాడు. వాళ్ళను చూసి నడక మార్చలేదు. తాళం తీశాడు, టోపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు, షట్టరు చప్పుడు కాకుండా రెండు చేతులతో మెల్లగా లేపాడు.

"సలాం వైకుంఠం భాయ్. మూడేండ్ల సంది బ్రిడ్జి చుట్టు తిరిగి పోతున్నవట. గంత దూరం తిప్పితే పాలు విరుగుతయి."

వైకుంఠం నవ్వలేదు. అఖిల తల దించుకుంది, పెదవి మీద నవ్వు కనబడకుండా.

"టైర్లు కావాలె," అన్నాడు వైకుంఠం.

"ఎవరు నడుపుతరు?"

"నేను చాచా," అంది అఖిల.

చాచా అన్న మాట వైకుంఠానికి గుచ్చుకుంది.

"ఒక్కదానివేనా? వెనక మనిషి?"

"ఒక్కదాన్నే. మందుల డబ్బా ఉంటది. ఇర్వై కిలోలు."

"రోడ్డు?"

"డాంబర్ సగం, మట్టి సగం."

ఖదీర్ లోపలికి పోయి రెండు టైర్లు భుజానికి తగిలించుకుని వచ్చాడు. ఒకదాన్ని నేల మీద పెట్టి, అంకెలు చూసి, తనే పక్కకు దొర్లించాడు. "ఇది ఏడాదిన్నర. వద్దు." ఇంకొకటి తెచ్చాడు. వైకుంఠం అడగక ముందే అంకెలు పైకి వచ్చేలా తిప్పి ముందు పెట్టాడు. "ఆరు వారాలు."

వైకుంఠం కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. ఆరు వారాలే.

"ఆ రోజు గూడ చూపించిన," అన్నాడు ఖదీర్. "నువ్వు చూడలే."

"ఆ రోజు నమ్మిన."

ఖదీర్ తల ఆడించాడు. గోడకు ఆనించి రెండు రకాలు పెట్టాడు. "ఇది గట్టిది. ఇర్వై వేల కిలోమీటర్లు వస్తది. ఇది మెత్తది. పదికే ఐపోతది. చూసుకో."

వైకుంఠం రెండింటి మీదా గోరు నొక్కాడు. గట్టిదాని మీద గోరు జాడ నిలవలేదు. మెత్తదాని మీద సన్నగా నెలవంకలా నిలిచి, మెల్లగా పోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ చూశాడు. నుదుటి మీది చెమట కళ్ళద్దం మీద పడింది. ఏ టైరును వేలితో చూపిస్తే దాని మీదే కూతురు పోతుంది. వేలు చాపలేకపోయాడు.

"ఏది జారదు?" అన్నాడు.

"జారదు అని నేను ఎవ్వరికీ చెప్ప. అప్పుడు గూడ చెప్పలే." ఖదీర్ గొంతులో మొదటిసారి కోపం కనపడింది. వెంటనే తగ్గించుకున్నాడు. "అరిగేదే రోడ్డును పట్టుకుంటది భాయ్. మెత్తది తీసుకో. అరిగిందంటే మళ్ళా రా. ఇంకోటి వేస్త. దానికి భయపడకు."

"అదే వెయ్యి," అంది అఖిల.

ఖదీర్ చక్రాలు ఊడదీశాడు. ఇనుప కడ్డీలతో పాత టైరు పెదవిని కొంచెం కొంచెంగా రింగు దాటించాడు. రింగు లోపల తుప్పు కనపడితే గరుకు కాగితంతో గీకాడు. చక్రం పుల్లల మొనలు ట్యూబుకు తగలకుండా కొత్త పట్టీ చుట్టాడు. ట్యూబుకు పౌడరు పూశాడు. పక్క గోడ మీది బాణం గుర్తు ముందుకు తిరిగి ఉందో లేదో చూసి, వైకుంఠానికి కూడా వేలితో చూపించాడు. వైకుంఠం ప్రతి పనికీ ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. చివరికి ఇద్దరి తలలూ ఒకే చక్రం మీద ఉన్నాయి. ఆ ముసలి చేతులు ఏ తప్పూ చేయలేదు. తప్పు దొరకకపోవడంతో ఆయన భయం ఇంకా పెరిగింది. ఆ రోజు కూడా చేతులు ఇవే.

గాలి కొట్టి, కొలిచి, కొంచెం వదిలి, మళ్ళీ కొలిచాడు ఖదీర్. చేతులు తుడుచుకున్నాడు. వైకుంఠం వైపు చూశాడు. అక్కడి నుంచి చూపు అఖిల మీదికి మళ్ళించాడు.

"బేటీ, కొత్త టైరు మీద పూత ఉంటది. ఫ్యాక్టరీల అచ్చుకెళ్ళి ఊడి రానీకె పూస్తరు. నూరు కిలోమీటర్ల దాక బండిని వంచకు. సబ్బునీళ్ళతోని కడుగు. నీళ్ళు తప్ప వేరే ఏదీ దానికి తగలొద్దు."

"తెలుసు చాచా," అంది అఖిల.

వైకుంఠం పైకం ఇచ్చాడు. థాంక్స్ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు కూడా బండిని నెట్టుకుంటూనే వచ్చారు.

శనివారం సదర్, పాలవాళ్ళు దున్నలను అలంకరించి ఊరేగించే పండుగ. మూడేళ్ళుగా వైకుంఠం తన దున్నను సదర్‌కు తోలలేదు. ఈసారి తోలుతానని మొక్కుకున్నాడు. బిడ్డ క్షేమంగా పోవాలని.

పొద్దున్నే దున్నను కడిగాడు. మంగలి వచ్చి దాని ఒంటి మీది వెంట్రుకలు గీకి పోయాడు. ఆవనూనె గోరువెచ్చగా చేసి, చారెడు చారెడు తీసుకుని మెడ నుంచి తోక దాకా రాశాడు. మోకాళ్ళ మీద, గిట్టల మీద రాశాడు. కొమ్ములకు గుడ్డతో పెట్టి రుద్దాడు. దున్న కళ్ళు మూసుకుని నిలబడింది. నల్లటి ఒంట్లో ఆకాశం కనిపించింది. మెడలో గవ్వల పట్టెడ కట్టాడు. మూడేళ్ళుగా మరచిన పని ఆయన చేతులకు దానంతట అదే వచ్చింది.

గిన్నెలో నూనె మిగిలింది. మిగిలిన నూనెను పారబోయకూడదు. సదర్ నాడు ఇంటికి తిండి పెట్టే ప్రతి వస్తువుకూ నూనె తగలాలి. ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన తండ్రి చేసేవాడు. నాగలికి, కవ్వానికి, ఎడ్లబండి చక్రాలకు. వైకుంఠం పాలక్యాన్ల పిడులకు రాశాడు. తలుపు గడియకు రాశాడు. తరవాత బండి దగ్గర కూచున్నాడు.

ఖదీర్ చెప్పిన మాట గుర్తొచ్చింది. వాడెవడు, నా ఇంటి మొక్కుకు అడ్డు చెప్పడానికి? పుత్లీబౌలిలో నల్లరంగు పూసి మోసం చేసేవాళ్ళు వేరు. అది బేరం. ఇది మొక్కు.

ముందు చక్రానికి రాశాడు. వెనక చక్రానికి ఎక్కువ రాశాడు. గుడ్డను వేలికి చుట్టి గాడుల్లోకి పోనిచ్చాడు. పక్క గోడలు, అంచులు, చుట్టూ ఒక్క చోటు వదలకుండా రుద్దాడు. వెనక చక్రం మీద బిడ్డ బరువు ఉంటుంది. పెదవులు కదుపుతూ రాశాడు. ఎప్పుడూ ఇలాగే రాసేవాడు. కళావతి పోయిన ఏడాది కూడా ఇలాగే రాశాడు, సదర్ నాటి పొద్దున, శ్రీశైలం బయలుదేరే ముందు రోజు.

పని అయ్యాక బండిని నెట్టుకుంటూ కొట్టంలోంచి వాకిలి గేటు దాకా తెచ్చాడు. ఇరవై అడుగులు. మట్టి నేల. గల్లీవాళ్ళు చూసేలా స్టాండు వేశాడు.

అఖిల ఇంట్లోంచి వచ్చింది. ఒక చేతిలో బకెట్టు, ఒక చేతిలో కొబ్బరిపీచు. బకెట్టులో సబ్బునీళ్ళు. నురుగు అప్పటికే అణగిపోయి పైన పలచటి తెట్టె కట్టి ఉంది. ఎప్పుడో కలిపి పెట్టుకున్న నీళ్ళు.

ఆమె చున్నీ నడుముకు చుట్టుకుంది. వెనక చక్రం ముందు కూచుని, పీచు ముంచి, రుద్దడం మొదలుపెట్టింది. నడుమ కాదు, అంచులు.

"ఏం చేస్తున్నవు? ఇప్పుడే రాసిన."

"ఉండనియ్ బాపూ."

"సదర్ నాడు కడుగుతరా? మొక్కు అది. మీ అమ్మ ఉన్నప్పుడు గూడ నేనే రాస్తుంటి."

"తెలుసు," అంది అఖిల.

చేయి ఆగలేదు. తల ఎత్తలేదు. సబ్బునీళ్ళు నూనెతో కలిసి పచ్చగా మట్టిలోకి కారాయి. ఆవనూనె వాసన వచ్చింది.

వైకుంఠం చక్రం వైపు చూశాడు. ఆమె ఇంకా కడగని వైపు. ఇరవై అడుగులు దొర్లిన టైరు. నేలకు తగిలిన నడుమ భాగం దుమ్ము పట్టి బూడిదరంగుకు తిరిగింది. అక్కడ నూనె జాడ లేదు. రెండు పక్కలా అంచులు మాత్రం నల్లగా, తడిగా, దున్న వీపులా మెరుస్తున్నాయి. సీదాగా పోతే నేల వాటిని తాకదు. ఇరవై అడుగులు పోయినా తాకదు, కడ్తాల్ దాకా యాభై కిలోమీటర్లు పోయినా తాకదు. బండి వంగినప్పుడే తాకుతుంది.

ఆయన వంగి అంచు మీద వేలు పెట్టాడు. వేలు జారింది. ఆ వేలిని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. సగంలో ఆపేశాడు. ఇలా ఒక మనిషి చేయగా చూశాడు, ఖదీర్ గడప మీద.

ఎడ్లబండి చక్రం కర్రది. దానికి ఇనుప పట్టా. దానికి నూనె మేలు చేస్తుంది.

గేటు పట్టుకున్నాడు. బుడగలు లేని నీళ్ళలోకి మొగులయ్య అంతసేపు ఎందుకు చూశాడో తెలిసింది. చీమలు పడతాయని అఖిల ఎందుకందో తెలిసింది. గల్లీలో ఒక్కరూ కాదనకపోవడమూ తెలిసింది. ఖదీర్ చెప్పే ఉంటాడు, ఆయనకు తప్ప అందరికీ. అందరూ విన్నారు. విని, పెళ్ళాం పోయినవాడని ఊరుకున్నారు. ఊరుకుని, ఆయన మాట మీద ఖదీర్ దుకాణం వైపు పోవడం మానేశారు.

"బాపూ, ఆ మగ్గుతోని నీళ్ళు పోయి," అంది అఖిల.

ఆయన మగ్గు తీసుకున్నాడు. నీళ్ళు చక్రం మీద పడకుండా ఆమె పాదాల మీద పడ్డాయి. ఆమె పాదాలు జరుపుకోలేదు. మళ్ళీ పోశాడు. రెండు టైర్లూ మూడుసార్లు కడిగారు. చివర్లో ఆమె వేళ్ళ వెనకవైపు పెట్టి అంచులు చూసింది. గరుకుగా ఉన్నాయి. ఆయన్ని చూడమనలేదు. ఆయన చూడలేదు.

ఆ సాయంత్రం దున్నను సదర్‌కు వేరేవాళ్ళు తోలుకుపోయారు.

ఆదివారం ఆరున్నరకు అఖిల బయలుదేరింది. మందుల డబ్బా వెనక కట్టుకుంది. వంగిన కడ్డీకి తాడు బిగించింది. వైకుంఠం ఏం కాదు అనలేదు. మెల్లగ అనలేదు. బండి చప్పుడు గల్లీ దాటేదాకా నిలబడి, లోపలికి వచ్చి ఫోను ముందు పెట్టుకుని కూచున్నాడు. పాలు పోయడానికి పోలేదు. ముప్పై ఏళ్ళలో రెండోసారి.

ఎనిమిది దాటింది. బర్రెలు అరిచాయి. తొమ్మిదికి పది నిమిషాలు ఉందనగా ఫోను మోగింది. ఆయన చేయి దాని మీద పడింది గాని, తీయడానికి వేళ్ళు రాలేదు. నాలుగోసారి మోగాక తీశాడు.

"ఆ మలుపు దాటిన బాపూ," అంది అఖిల. వెనక గాలి చప్పుడు. "ఏం జారలే."

ఆయన ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బాపూ. ఖదీర్ చాచాకు ఒక్క మాట..."

"తోలుకుంట ఫోన్ మాట్లాడకు."

"పక్కకు ఆపిన."

"అట్లయితే విను. దాని గురించి నేను మాట్లాడ. ఇయ్యాల మాట్లాడ, సచ్చేదాక మాట్లాడ. నువ్వు గూడ నా దగ్గర ఎత్తకు."

ఫోనులో గాలి చప్పుడు. తరవాత బండి స్టార్టయిన చప్పుడు.

మూడు రోజుల తరవాత వైకుంఠం పాలక్యాన్లతో మొగులయ్య దుకాణం దగ్గర ఆగాడు, మోపెడ్‌కు గాలి కొట్టించుకోవడానికి. గౌలిపురా నుంచి పాలు పోసే సోమశేఖర్ అక్కడే ఉన్నాడు, బోడి టైరు బండితో.

"ఇది ఇంక నడువదు. యాడ తీసుకోవాలె మొగులన్నా?" అని, వైకుంఠాన్ని చూసి నవ్వాడు. "కాకా ముందర ఒక్క దుకాణం పేరు మాత్రం తియ్యొద్దు."

మొగులయ్య ట్యూబును నీళ్ళలో ముంచాడు. ముంచి, తల వంచుకుని, ఆ మాట కోసం ఆగాడు. మూడేళ్ళుగా ఇక్కడ ఎవరు టైరు అన్నా వైకుంఠం ఆ మాట అనేవాడు.

వైకుంఠం క్యాను మూత బిగించాడు. బిగిసే ఉన్నదాన్ని మళ్ళీ బిగించాడు.

"ఏం కాకా? ఖదీర్ కాడ వద్దు, గంతే గద?"

"నన్నడగకు," అని మోపెడ్ ఎక్కాడు.

సోమశేఖర్ ఏ వైపు పోయాడో తిరిగి చూడలేదు. బ్రిడ్జి దగ్గరికి వచ్చాక, ఖదీర్ దుకాణం ఉన్న రోడ్డు వదిలి, ఎప్పటిలాగే చుట్టు తిరిగి పోయాడు. కళావతిని ఖదీర్ చంపాడని ఆయన మళ్ళీ ఎవరితోనూ అనలేదు. చంపలేదనీ అనలేదు.